ఎవరి తాలూకు?

ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డు ముందు వరండా. పగలు పదకొండు గంటలు. సిమెంటు బెంచీ మీద తర్లుపాడు వైపు నుంచి వచ్చిన వీరమ్మ, ఆమె పక్కన దిల్షాద్ బేగం.

"అయితే యా పార్టీ నీది బూబమ్మా?"

"పార్టీ ఏంది వదినా?"

"మరి ఊరికే ఎవురన్నా చేస్తారా? పొద్దున్నించీ చూస్తున్నా. ఒకదానికి వేణ్ణీళ్లు తెచ్చినావు. ఒక ముసలామెకు చీటీ రాయించినావు. ఇంకోదాని బిడ్డను ఎత్తుకోని వరండా అంతా తిప్పినావు. నీ వాళ్లెవరూ లోపల లేరంట గదా. ఊడ్చే ఆమె చెప్పింది."

"లేరు."

"జీతమా?"

"లేదు."

"ప్రైవేటు ఆసుపత్రోళ్లు పెట్టినారా? మాయమాటలు చెప్పి మనుషుల్ని ఆడికి తోలుకపోయేదానికి?"

"నన్ను చూస్తే అట్ల కనపడుతున్నానా?"

"అట్లాంటోళ్లు చూస్తే కనపడరు. అదే గదా నా భయం. పోనీ వీడియోలు తీస్తావా? మా ఊళ్లో ఒకడుండాడు. ముసలోళ్లకు అరటిపండు ఇచ్చేది తీసి ఫోన్లో ఎక్కిస్తాడు. ఒకటే పండు నలుగురికి ఇచ్చినాడు. ఆఖర్న వాడే తిన్నాడు."

"నాది నొక్కుడు ఫోను వదినా. ఇదో చూడు. దీంట్లో నా బొమ్మ నాకే కనపడదు."

"మొక్కా? దర్గాలో ఏమన్నా మొక్కుకున్నావా?"

"మొక్కూ లేదు, గిక్కూ లేదు. మా ఆయన రిటైరై ఇంట్లో కూచున్నాడు. పొద్దున లేస్తే టీవీలో వార్తలు. వాళ్లు అరుస్తారు, వాళ్లతో కలిసి ఈయనా అరుస్తాడు. మా అమ్మాయి మహజబీన్‌కు పెళ్లయి పోయినాక ఆ ఇంట్లో నా మాట వినేవాళ్లే లేరు. ఇక్కడ చూడు, 'ఏయ్, పక్కకు జరుగు' అంటే ఆరడుగుల మొగోడు గూడా జరుగుతాడు. ఎంత హాయిగా ఉంటాదో తెలుసా?"

"అంటే... పెత్తనం కోసమా?"

"సగం పెత్తనం. సగం కథలు. పోయిన శుక్రవారం ఒకాయన పెళ్లాం పేరు మర్చిపోయినాడు. ఇంట్లో 'ఓయ్' అని పిలుస్తాడంట. రిజిస్టర్లో గూడా అదే రాయమంటాడు."

"అబ్బ, నవ్వించబాక. లోపల నా కోడలు అల్లాడుతుంటే నేనీడ నవ్వితే చూసినోళ్లు ఏమనుకుంటారు?"

"మొదటి కాన్పా?"

"ఆఁ. సుజాత దాని పేరు. మా వెంకటేషు లారీ మీద పోయినాడు, దోవలో ఉండానంటున్నాడు. దాని తల్లి చిన్నప్పుడే చచ్చిపోయింది. ఇంక నేనే గదా."

"సుజాత తాలూకు ఎవరమ్మా?"

"ఇదో, నేనే సిస్టరమ్మా. అత్తను. ఏమైంది?"

"ఏం కాలేదు. నొప్పులు బాగా వస్తున్నాయి. ఒకరు లోపల తోడుండొచ్చు, కానీ..."

"పద తల్లీ. వస్తున్నా."

"కానీ... ఆమె అత్త వద్దంటుంది."

"ఏందీ?"

"వద్దంటుంది పెద్దమ్మా. పొద్దున నీళ్లు తాపిన ఆంటీని పంపమంటుంది. దిల్షాద్ ఆంటీని."

"ఈమెనా? ఈమె ఎవరు? నిన్నటిదాకా ఈమె మొహం చూసిందా అది? పుట్టేది నా మనవడో మనవరాలో గదా!"

"ఫెబీ సిస్టరూ, ఆగు తల్లీ. వదినా, నువ్వు పొమ్మంటేనే పోతా. లేదంటే ఈడే కూచుంటా."

"నన్నడుగుతావేంది? పిలిచింది నిన్ను. పో."

"కోపంతో పొమ్మంటున్నావు."

"కోపంతోనే అంటున్నా. అయినా పో! అది ఒంటిగా ఉండాది లోపల!"

ముప్పావుగంట తరువాత.

"వచ్చినావా? ఎట్లుంది?"

"నడుం పిసికి పిసికి నా వేళ్లు పోయినయ్. నీళ్ల బాటిలు ఇటియ్యి, మళ్లీ పోవాల. బాగానే ఉండాది. గట్టి పిల్ల."

"నా గురించి ఏమన్నా అనిందా?"

"నొప్పుల్లో ఎన్నో అంటారు వదినా."

"అంటే అనింది."

"అందరూ అంటారు. ఒకామె ముఖ్యమంత్రిని గూడా తిట్టింది."

"తప్పించుకోబాక. ఏమనింది?"

"అది చేసిన పప్పు కుక్కకు పోస్తే కుక్క గూడా తినలేదని ఊరంతా చెప్పినావంట. సీమంతం నాడు, అందరి ముందర."

"కుక్క నిజంగానే తినలేదు!"

"తినకపోతే తినకపోయింది. ఊరికి చెప్పే పనేంది నీకు?"

"నలుగురూ నవ్వుతారని..."

"నవ్వినారు గదా. ఆ పిల్ల ఆ పొద్దు గాజులు తొడుక్కోని పోయి స్నానాల గదిలో కూచోని ఏడ్చిందంట. తల్లి లేదు, చెప్పుకునేదానికి. నీకే చెప్పుకోవాల. చేసింది నువ్వాయె."

"నాలుగు నెలలాయె నాతో మాట్లాడక. అన్నం పెడతాది, నీళ్లు పెడతాది, మాట మాత్రం లేదు. నేను పొగరనుకున్నా."

"సరే, నేను పోతున్నా. ఏమన్నా చెప్పమంటావా?"

"చెప్పు... కుక్కదే తప్పని చెప్పు."

"వదినా!"

"సరేలే. నాదేనని చెప్పు. కానీ నొప్పి గట్టిగా వచ్చినప్పుడు చెప్పు, సరిగ్గా ఇనపడకుండా."

"అరె అల్లా! ఏం ఆడదానివి నువ్వు!"

"పో, పో. అది పిలుస్తున్నట్టుంది."

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

"వదినా! ఆడపిల్ల! రెండు కేజీల తొమ్మిది వందలు. ఏడుపు చూడు, వరండా దాకా ఇనపడ్లే?"

"ఇనపడింది. నాకు ఇనపడింది. అది ఎట్లుంది? సుజాత?"

"బాగుంది. టీ అడిగింది. టీ అడిగిందంటే ఇంకేం భయం లేదు."

"చెప్పినావా... ఆ మాట?"

"చెప్పినా. నొప్పి తగ్గినప్పుడే చెప్పినా, బాగా ఇనపడేట్టు."

"నీ దుంప తెగ! ఏమనింది?"

"'చూస్తాలే' అనింది."

"చూస్తాలే అంటే ఏంది?"

"పొమ్మనలేదు గదా. అరగంటాగి వార్డులోకి మారుస్తారు. పోయి పక్కన కూచో. నోరు తెరవబాక, కాళ్లు ఒత్తు. నేను పోయి ఇంత టీ తాగి, నమాజు చేసుకోని వస్తా. నిలబడి నిలబడి మోకాళ్లు మొద్దుబారినయ్."

"పో చెల్లా. ఏమన్నా తిను. నీకు నేనేమియ్యాల?"

"ఏమీ ఇయ్యబాక. నాకు పెత్తనం దొరికింది, కథా దొరికింది. రేపు మా ఆయన టీవీ కట్టేసి మరీ ఇంటాడు, కుక్క సంగతి."

"అది గూడా చెప్తావా!"

"పేర్లు మారుస్తాలే!"

"దానమ్మ తాలూకు ఎవరు? దానమ్మ! కనిగిరి దానమ్మ తాలూకు ఎవరైనా ఉన్నారా?"

"ఎవరు సిస్టరమ్మా, ఇందాక 108లో దిగిన సన్నపిల్లా?"

"అవును పెద్దమ్మా. మిరపకాయల కోతకు వచ్చినోళ్లంట. మొగుడు చేలో ఉన్నాడు, ఫోను ఎత్తట్లేదు. భయపడి మంచం కమ్మీ పట్టుకోని ఇడవట్లేదు. దిల్షాద్ ఆంటీ ఏది?"

"ఇప్పుడే పోయింది టీకి. పొద్దున్నించీ మెతుకు తినలేదు ఆమె."

"అయ్యో. ఎట్ల మరి... అదేంది పెద్దమ్మా, లేచినావు? నీ కోడల్ని మార్చేదానికి ఇంకా టైముంది."

"తెలుసులే. పద."

"దానమ్మ నీకు తెలుసా?"

"తెల్వదు."

"మరి లోపలికి పోయి ఎవరొచ్చినారని చెప్పాల?"

"అత్తనని మాత్రం చెప్పబాక తల్లీ. అమ్మొచ్చిందని చెప్పు."