ఫ్రేములో మనిషి లేడు

మెక్సికోలో ఒహాకా పక్కన ఒక ఊరు. పోయినవాళ్ళ పండగ, మధ్యాహ్నం మూడు కావస్తోంది. పెద్దల పీఠం ముందు ముసలి ఎవరిస్తో, ఆయన భార్య తరపు మనవరాలు హసింత.

"కదలొద్దు తాతా! రెండు చేతులూ పైకెత్తు!"

"ఒక చేతిలో మోలె గిన్నె ఉంది తల్లీ. ఎత్తితే పులుసంతా నీ నెత్తిన పడుద్ది."

"కింద పెట్టి ఎత్తు. మా ఫిలెమోన్ తాత ఫొటో ఏది?"

"నన్నడుగుతావేంటి? ఫ్రేములోనే ఉంటుంది."

"ఫ్రేమే ఉంది. లోపల మనిషి లేడు. వెనక అట్ట ఊడదీసి, ఫొటో లాగేసి, మళ్ళీ అట్ట బిగించి పెట్టారు. ఇది పిల్లి పని కాదు. ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను కాదు. అమ్మమ్మ కాదు. మిగిలిందెవరు?"

"అయ్యో! నిజంగానే లేదే! ఇందాక బంతిపూలు గుచ్చేటప్పుడు నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు."

"నటించకు. ఇంకో ఐదు నిమిషాల్లో చర్చి గంటలు కొడతారు. పోయినవాళ్ళంతా ఎవరిళ్ళకి వాళ్ళు వచ్చేస్తారు. ఫొటో లేని ఇంటికి మా తాత ఎలా వస్తాడు? గుమ్మం దాకా వచ్చి, తనకి చోటు లేదనుకుని వెనక్కి పోతాడు. మళ్ళీ ఏడాది దాకా రాడు!"

"నాకు తెలీదా? ముప్పై యేళ్ళుగా ఈ పీఠానికి చెరుకుగడల పందిరి కట్టేది నేనే."

"అందుకే నీ మీద అనుమానం. మా అమ్మమ్మ మొదటి మొగుడికి రెండో మొగుడు పందిరి కడుతుంటే కడుపులో మంటగా ఉండదా?"

"పోయినవాడి మీద నాకు మంటేంటే, పిచ్చిదానా!"

"నిన్న భోజనాల దగ్గర ఏమన్నావ్? 'ఏడాదంతా కాఫీ కలిపిచ్చే నాకు ఉడకేసిన చిక్కుళ్ళు, ఒక్కపూట వచ్చిపోయేవాడికి కోడి మోలె' అన్నావా, లేదా?"

"అన్నాను. అది మంట కాదు, ఆకలి. డాక్టరు కోడి వద్దన్నాడు, నూనె వద్దన్నాడు, ఆఖరికి ఉప్పు కూడా మానిపించాడు. ఈ ఇంట్లో చిటికెడు ఉప్పు కళ్ళబడాలంటే పీఠం మీద మీ తాత ముందే చూడాలి. వాడికున్న భోగం నాకు లేదు."

"చూశావా! నీ నోటితోనే బయటపడింది. నేరానికి కారణం దొరికింది. ఇక జేబులు చూపించు."

"చూసుకో. కళ్ళద్దాలు. మాత్రలు. ఇదేమో..."

"పీఠం మీది రొట్టె ముక్క! దొంగ!"

"రొట్టె దొంగనే, ఒప్పుకుంటా. ఫొటో దొంగని కాదు. వాడూ నేనూ ఒకే బాజాలో పదిహేనేళ్ళు వాయించాం. వాడు క్లారినెట్, నేను డోలు. వాడి రొట్టె కొరికే హక్కు నాకుంది."

"ఏంటిద్దరూ కాకుల్లా! పొయ్యి మీద చాక్లెట్టు పెట్టి వస్తే, ఇక్కడ ఇల్లెగిరిపోతోంది."

"అమ్మమ్మా, వచ్చావా! తాత ఫొటో ఎవరో ఎత్తుకుపోయారు!"

"ఓస్, అంతేనా. పోతే పోనీలేవే. వచ్చే ఏడాది పెట్టుకుందాం."

"...ఏంటి?"

"వచ్చే ఏడాది అన్నా. చాక్లెట్టు తాగుదురుగాని రండి, చల్లారిపోతుంది."

"తాతా, విన్నావా? నిరుడు కొవ్వొత్తి ఒక్కటి వంకరగా ఉందని నన్ను మూడు రోజులు సాధించిందీవిడ!"

"దొమితిలా, ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"నాకేం, రాయిలా ఉన్నా. ముందు నువ్వు ఆ కుర్చీలో కూర్చో. ఎల్లుండి ఆపరేషన్ పెట్టుకుని, నిలబడి ఫొటోలు వెతుకుతాడట."

"ఉండమ్మమ్మా. ఇంకోటి చెప్పు. వీధి గుమ్మం నుంచి పీఠం దాకా పొద్దున నేను బంతిరేకులతో దారి పోశాను, తాత నడిచి రావడానికి. ఇప్పుడు గచ్చు అద్దంలా ఉంది. రేకులేమయ్యాయి?"

"గాలికి పోయుంటాయి."

"గాలి చీపురు తెచ్చుకుని ఊడ్చి, చేటకెత్తి, గోనెసంచిలో పోసి, మూతి కూడా కట్టిందా? సంచి పెరట్లో ఉంది, చూసొచ్చాను."

"ఈ ఊరి గాలికి శుభ్రం ఎక్కువ."

"అమ్మమ్మా! ఫొటో తీశారు, దారి చెరిపారు. తాత ఇల్లు కనుక్కోలేకపోవాలని ఎవరో గట్టిగా అనుకున్నారు. ఏదీ, నా కళ్ళలోకి చూడు."

"దాన్నెందుకే సతాయిస్తావు? తీసింది నేనే."

"నువ్వా తాతా? ఇప్పటిదాకా కాదన్నావుగా!"

"ఇప్పుడు అవునంటున్నా. మంట. కడుపులో మంట. నువ్వన్నదే నిజం."

"ఎక్కడ దాచావ్?"

"పెట్టెలో."

"ఏ పెట్టెలో?"

"...చెక్కపెట్టెలో."

"ఈ ఇంట్లో చెక్కపెట్టె లేదు తాతా. పోనీ, రేకులు ఊడ్చిందెవరు?"

"అదీ నేనే."

"వంగితే నీకు ఆయాసం. పొద్దున నీ చెప్పులు నేను తొడిగాను. నువ్వు ఊడ్చావా, వీధి గుమ్మం దాకా? రొట్టె దాచడం వచ్చుగానీ, అబద్ధం ఆడటం రాదు నీకు."

"హసింతా, వదిలెయ్యమ్మా. నేనన్నాగా, నేనే."

"ఎవర్ని కాపాడుతున్నావ్? అదిగో, గంటలు! మొదలెట్టేశారు! అమ్మమ్మా, ఆ ఏప్రన్ జేబు మీద చెయ్యెందుకు? వచ్చినప్పట్నుంచీ తియ్యట్లేదు."

"మోకాలు నొప్పి."

"మోకాలు జేబులో ఉందా?"

"దొమితిలా, ఇచ్చెయ్యవే. వాడు దారిలో ఉంటాడు పాపం. వాడు రాకపోతే నాకూ పండగ కాదు. నా స్నేహితుడే వాడు."

"స్నేహితుడనేగా నా భయమంతా! ఆయనెప్పుడైనా ఎక్కడికైనా ఒంటరిగా వెళ్ళాడా? పెళ్ళి బాజాకైనా, తాగుడికైనా, నీ కిటికీ కింద నిలబడి 'రారా ఎవరిస్తో' అని ఒక్క కేక. నువ్వు తింటున్న కంచం వదిలేసి పోయేవాడివి. ఒక్కసారైనా రానన్నావా?"

"...లేదు."

"ఎల్లుండి నీ గుండె కోస్తారు. ఈ పూట ఆయనొచ్చి, నీ పక్కన కూర్చుని తిని, పోతూ పోతూ ఆ ఒక్క కేకా వేస్తే?"

"అమ్మమ్మా..."

"నువ్వూరుకో. ముప్పై యేళ్ళు పిలిచి పిలిచి వడ్డించాను. ఈ ఒక్క ఏడాదికి ఆకలితోనే వెనక్కి పొమ్మన్నాను. దొంగ పేరు కావాలన్నావుగా హసింతా, రాసుకో: దొమితిలా. నా మొగుడి ఫొటో తీసింది నేనే, నా మొగుడి కోసం."