డబ్బాలో పోసిన ఉగ్గు

"మామ్మా, ఇయ్యాల బారసాల కాడ నాను అబద్దమాడేసేనే. గుంటకేటి పెడతన్నావని అందరూ అడిగితే, అన్నీ ఇంట్లోనే ఏపి, ఇసిరి పెడతన్నానని సెప్పీసేను."

ఓలమ్మా, సెప్పీసేవా? మరేటి సేస్తావు లే. ఆళ్లు అడిగీ అడగడం అలగుంటాది. కళ్లేమో నీ మొకం మీద, సెయ్యేమో గుంట బుగ్గ మీద. "సిక్కిపోయిందేటే, ఏటి పెడతన్నావు?" అంటారు. నిజిం సెప్తే ఒక తంటా, సెప్పకపోతే ఒక తంటా. ఇంటికొచ్చి ఆ బజారు ఉగ్గు పేకెట్టు దుప్పటి కింద కుక్కీసేవు, నాను సూడనేదనుకున్నావా? కళ్లు మసకే గానీ, అంత మసక కాదమ్మి.

అలగ నిలబడకు, కూకో. గుంట పడుకుందా? అయితే కూకో. నీకో మాట సెప్పాల. మీ గౌరి పిన్ని మాట. కకిరిగుమ్మలో ఉండీ గౌరి, అదే, మా సెల్లి నారాయణమ్మ కోడలు, మీ రమేసు బాబాయి పెళ్లాం. ఆళ్ల సిట్టి సంటిగుంటప్పుడు పేకెట్టు ఉగ్గు పడక సచ్చి బతికిందని నువ్వూ యిన్నావు కదా? యిన్నావు. గుణుపూరు నుండి ఇజీనారం దాకా మనోళ్లందరూ యిన్నారు. అది నిజిం కాదు. ఇన్నాళ్లూ నాను ఎవలకీ సెప్పనేదు. సెప్పొద్దని గౌరి సెయ్యట్టుకుంది, ఊరుకున్నాను. ఇప్పుడు మా నారాయణమ్మే నేదు. ఇంకెవల కోసం దాసాల?

అసలు మా రోజుల్లో ఎలగుండీదనుకున్నావు? మీ తాత మాచ్‌ఖండ్‌ కరెంటు ప్రాజెక్టులో పని సేసినప్పుడు మేం కాలనీలో ఉండేవోళ్లం. ఆఫీసర్ల పెళ్లాలు పిల్లలకి డబ్బా పాలు పట్టీవోరు. మేవంతా నోరెళ్లబెట్టి సూసీవోళ్లం. డబ్బా పాలు తాగిన గుంటంటే దొరల గుంట. పాలయిపోతే ఆ ఖాళీ డబ్బా అడిగి తెచ్చుకుని, పోపులేసుకుని, వొచ్చినోళ్లకి కనబడేలాగ పెట్టుకునీవోళ్లం. మీ నాన్నకి నాను సోడంబలి, అదే రాగంబలి, పట్టేను. అప్పుడదంటే నామోసీ. ఎవలైనా అడిగితే డబ్బా పాలే అనీదాన్ని. నవ్వకు! ఇప్పుడు సూడు, సోడంబలి పట్టినోళ్లు గొప్పోళ్లు, డబ్బా పట్టినోళ్లు పాపిష్టోళ్లు. అంగన్వాడీ దీదీ ఇచ్చిన ఛతువా, ఆ సత్తుపిండి, మాత్రం పేకెట్టు కాదేటి? దాన్ని ఎవలూ ఏటీ అనరు. ఏ కాలంలో అయినా మాటలు పడీది తల్లే.

ఏటి సెప్తన్నాను? ఆఁ, గౌరి.

గౌరి నర్సు కదా. ఇక్కడికే, రాయగడకే, ఓ ప్రైవేటాసుపత్రికి పొద్దున్నే రైలుబండెక్కి వొచ్చీది, సీకటడ్డాక ఇంటికెళ్లీది. సిట్టి పుట్టిన కొన్నాళ్లకే మళ్లీ డూటీకి రమ్మన్నారు. ఎల్లకపోతే ఉద్యోగం పోతాది. దానికి తల్లి నేదు. సిన్నప్పుడే పోయింది. తండ్రి మళ్లీ సేసుకున్నాడు, ఉన్నాడంటే ఉన్నాడు. మరి మన ఇళ్లల్లో పద్దతి నీకు తెలుసు కదా, గుంటకి తొలీత ఉగ్గుపిండి పుట్టింటి నుండే రావాల. తల్లి బియ్యం, పెసరపప్పు ఏపి, ఇసిరి, పల్చటి గుడ్డలో జల్లించి, కొత్తగుడ్డలో మూటకట్టి అన్నప్రాసనకి తేవాల. నీకు మీ అమ్మ తెచ్చింది. గౌరికి ఎవలు తెస్తారు? సిట్టి అన్నప్రాసనకి నాను కూడా ఎల్లేను. ఉగ్గు మూట పెట్టీ పీట ఖాళీగా ఉంది. గౌరి ఆ పీటకేసే సూడనేదు, పని సేసుకుంటూ తిరిగింది.

ఆళ్లుండీ రైలు కోటర్సులో మన తెలుగోళ్లు కొన్నిళ్లు ఉన్నాయి. ఆ ఆడోళ్లు బోరింగు కాడ సేరేరంటే ఇంక సూడు. గౌరి కొన్న పేకెట్టు ఆళ్ల కంటబడింది. "తల్లి నేని గుంటకి పద్దతులేటి తెలుస్తాయి? కన్నాది, బజార్లో పొడి కొని పోస్తంది," అన్నారు. ఒకావిడైతే దాని మొకం మీదే అంది, "జీతం కోసం గుంట కడుపు మాడుస్తన్నావమ్మా," అని. నోరా అది? నానక్కడుంటే బిందెతో కొట్టీదాన్ని.

ఆ రోజు నుండి గౌరి ఏటి సేసిందో తెలుసా? పేకెట్టు తెచ్చి స్టీలు డబ్బాలో పోసీసి, కాయితం బండిలోంచి ఇసిరీసీది. అత్తకి ఏటి సెప్పిందీ? "నానే ఏపి, ఉడకేసి, ఎండబెట్టి, మా ఆసుపత్రి కాడ మిల్లులో ఆడించేనత్తా. మీరు మళ్లీ ఉడకెయ్యక్కర్నేదు, యేడినీళ్లు పోసి కలిపితే సాలు," అంది. మా నారాయణమ్మ పిచ్చిది. నమ్మీసింది. నమ్మడవే కాదు, బోరింగు కాడికెల్లి గొప్పలు పోయింది. "మా కోడలు డూటీ సేసొచ్చి కూడా సొంతంగా సేస్తంది, సూడండి," అని. గౌరి ఇంట్లోంచి అది యిని ఇంక నోరెత్తనేకపోయింది. అత్తంటే దానికి బయిం కాదే. అత్త తల దించుకోవాల్సొస్తాదని.

సిట్టికి అది బాగానే పడింది, అబద్దం సెప్పకూడదు. బొద్దుగా, నవ్వుకుంటూ ఉండీది.

అప్పుడు నాను మళ్లీ ఎల్లేను. మీ తాత పోయిన ఏడాది, మనసు బాగోక, సెల్లి కాడ కొన్నాళ్లుందామని. ఓ మజ్జాన్నం నారాయణమ్మ అంది కదా, "అక్కా, గౌరికి తొలి ఉగ్గు రానేదు. అన్నీ అదే సేసుకుంటంది. తల్లి నేకపోతే నాను నేనా? నాను సేసి మూట కట్టిస్తాను," అని. దాని కళ్లు ఎలగ మెరిసేయో నాకిప్పటికీ కనబడతంది. ఇద్దరం కూకుని బియ్యం కడిగి ఆరబెట్టి, పప్పు ఏపి, తిరగల్లో ఇసిరేం. దానికి జబ్బలు నొప్పి. నానిసురుతాలే అంటే ఇవ్వదే! "నా కోడలికి నానే ఇసరాల," అంటాది. జల్లించి, గౌరి డబ్బా అడుగున పాతది కొంచివే ఉందని దాని మీదే ఈ కొత్త పిండి పోసీసింది. సాయంత్రం గౌరొచ్చేక డబ్బాని కొత్తగుడ్డలో కట్టి సేతిలో పెట్టాలని. మర్నాడు ఎలగుడికించాలో తనే సూపిద్దావని. గుడ్డ కోసం ఇద్దరం హాటుకి, వారం సంతకి, ఎల్లేం. రమేసుకి ఆ రోజు సెలవు, గుంటని సూసుకోమన్నాం. పిండి మాట ఆడికి సెప్పనేదు. ఎందుకు సెప్తాం, వొచ్చీసి మేవే పెడతాం కదా.

హాటులో నారాయణమ్మ గుడ్డ ఏరడానికి ఎంతసేపు! పసుపుది కావాలంటాది, అంచుండాలంటాది. ఇంతలో ఇంటి కాడ గుంట ఆకలికి ఏడిసింది. రమేసుకి తెలిసిందేటి? రోజూ సూస్తన్నాడు కదా. డబ్బా తీసేడు, పిండి ఏసేడు, యేడినీళ్లు పోసేడు, కలిపేడు, పెట్టీసేడు. మిగిలింది అలగే ఉంచి మళ్లీ పెట్టేడు. పచ్చిపిండమ్మా. ఉడకని పిండి. సంటి కడుపు.

మేం వొచ్చీసరికి గుంటకి వాంతులు. తర్వాత విరోసనాలు. సూస్తండగానే ఏలాడిపోయింది. కళ్లు లోపలికెల్లిపోయేయి. ఏడుద్దామంటే గొంతు రావట్నేదు. నారాయణమ్మ సేతిలో ఆ పసుపు గుడ్డ అలగే ఉంది, దాంతోనే గుంట మూతి తుడస్తంది. జీపు కట్టించుకుని రాయగడ తెచ్చేం. ముందే కబురెట్టేం, గౌరి ఆసుపత్రి గుమ్మం కాడే నిలబడుంది. నర్సు కదా, గుంటని సూడగానే తెలిసిపోయింది దానికి. ఏడవనేదు. గుంటనట్టుకుని లోపలికి పరిగెత్తింది. అంత సిన్న సేతికి సూది గుచ్చి సెలైను ఎక్కించేరు. నాను సూళ్లేకపోయేను.

డాట్రు ఏటి పెట్టేరని అడిగేడు. రమేసు సెప్పేడు, రోజూ పెట్టీదే, డబ్బాలోదే అని. గౌరి అత్తకేసి సూసింది. నారాయణమ్మ, "నాను కొత్తపిండి పోసేనమ్మా అందులో... నీకు పుట్టింటి ఉగ్గని... ఉడకేసి పెడదావని..." అంతవరకే అంది. అప్పుడు గౌరి నిజిం సెప్పీసింది. "నాను పోసింది పేకెట్టత్తా. ఉడికించి ఆడించేనని అబద్దం సెప్పేను," అంది. ఎవల్నెవలు తిడతారు సెప్పు? ఒకలు మాట పడనేక దాసింది. ఒకలు పేమతో పోసింది. మజ్జిలో గుంట కొట్టుకుంటంది.

బతికింది తల్లీ, బతికింది. దేవుడున్నాడు. మర్నాటికి కళ్లు తెరిసింది.

ఇంటికి తెచ్చేక బోరింగు కాడోళ్లందరూ వొచ్చేరు సూడ్డానికి. వొచ్చి కూకుని అదే అడగడం, "ఏటి పెట్టేరు, ఏటి పెట్టేరు?" నారాయణమ్మ సెప్పబోయింది. గౌరి మజ్జిలో అందుకుని, "పేకెట్టు పెట్టేనండి, పడనేదు," అనీసింది. ఇంక సూసుకో! "మేం సెప్పనేదా? మేం అననేదా?" అని ఒకటే గోల. గౌరి తల దించుకుని గుంటని జోకొడతంది. ఆళ్లెల్లేక నానడిగేను, "ఎందుకే అలగన్నావు?" అని. "నాకు మాటలు పడ్డం అలవాటయిపోయింది పెద్దత్తా. అత్తకి అలవాటు నేదు," అంది. ఎవలకీ సెప్పొద్దని నా సెయ్యి అప్పుడే అట్టుకుంది.

అలవాటు నేదు, నిజివే. అలవాటవనూ నేదు. ఆ రోజు నుండి మా నారాయణమ్మ సిట్టి నోట్లో ఒక్క ముద్ద పెట్టనేదు. అన్నం వొండీది, కంచంలో ఏసీది, కలిపీది. నోటికాడికొచ్చీసరికి సెయ్యి ఆగిపోయీది. "గౌరీ, నువ్వు పెట్టమ్మా," అనీది. గుంట "నువ్వు పెట్టు నాన్నమ్మా," అని కొంగట్టుకుని ఏడిసీది. మా సెల్లి పెరట్లోకెల్లిపోయి గోడకేసి తిరిగి నిలబడీది. గౌరి ఎన్నిసార్లు బతిమాలిందో. "ఆ మాట నాను సెప్పాల్సింది. నా తప్పు కూడా నువ్వు మోస్తన్నావు. ఏ మొకంతో పెట్టను?" అనీది నారాయణమ్మ. సెప్పొచ్చు కదే మరి? ఎల్లి సెప్పీసొస్తే అయిపోను కదా? ఎన్నిసార్లు సీర మార్చుకుని బోరింగు కాడికి బయల్దేరిందో, గుమ్మం కాడి నుండి ఎన్నిసార్లు ఎనక్కొచ్చిందో నానెరుగుదును. దానికి దైర్నం సాలనేదు.

సిట్టిప్పుడు బడికెల్తంది. పోయిన వానల్లో నారాయణమ్మకి పచ్చవాతం కొట్టింది. ఒక పక్కంతా పడిపోయింది. నోట మాట పోయింది. అన్నం మింగుడు పడదు. మెత్తగా, పల్చగా ఏదైనా పట్టమన్నాడు డాట్రు. గౌరి ఉద్యోగానికి సెలవెట్టీసి అన్నీ మంచం మీదే సేసింది. కన్నకూతురైనా అలగ సెయ్యదు. జావ పడితే కక్కీసీది. పళ్లరసం కక్కీసీది. సివరికి గౌరి సంటిగుంటల పేకెట్టు తెచ్చి కలిపి పట్టింది. అది నిలబడింది.

ఓ రోజు గౌరి అలగే స్పూనుతో పడతంది. మంచం పక్కన పేకెట్టు అలగే ఉంది, ఈసారి దాయనేదు. బోరింగు కాడోళ్లు పలకరింపుకొచ్చేరు. నానూ ఉన్నాను, కాళ్ల కాడ కూకున్నాను. ఒకావిడ ఆ పేకెట్టు సూసి, నొచ్చుకున్నట్టుగా, "అయ్యో గౌరీ, అప్పుడు గుంట ప్రాణం మీదికొచ్చింది కదమ్మా. మళ్లీ ముసిల్దానికి అదేనా?" అంది. గౌరి స్పూను గిన్నెలో పెట్టీసింది.

నారాయణమ్మ మొకం ఎర్రగా అయిపోయింది. ఏదో అంటంది, మాట రాదు. గొంతులోంచి అదోలాటి సప్పుడు. ఇన్నాళ్లూ నోరుండి సెప్పనేదు, ఇప్పుడు సెప్దావంటే నోరు నేదు. తన గుండెల మీద కొట్టుకుంది, బాగున్న సేత్తో. నాను, నాను, అని. ఆళ్లకేటి అర్థవవుతాది? రోగం బాద అనుకున్నారు. ఇంక అలగ కాదని సిట్టికేసి సెయ్యి సాపింది. గుంటని దగ్గరికి లాక్కుంది. గిన్నెలోంచి స్పూను తీసింది. వొణుకుతన్న సెయ్యి, సగం దుప్పటి మీదే ఒలికిపోయింది. మిగిలింది, ఆ పేకెట్టు ఉగ్గు, అందరి ఎదురుగానే సిట్టి నోట్లో పెట్టింది. అంత గుంటేటే, బడికెల్లీ గుంట, నోరు తెరిసి తినేసింది. తినేసి, "నాన్నమ్మ నాకు పెట్టిందమ్మా!" అని అరిసింది.

గౌరి ఆ మంచం కోడు అట్టుకుని గొల్లుమంది. సిట్టి ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. వొచ్చినోళ్లు ఒకల మొకాలొకలు సూసుకుని, మెల్లగా లేసి ఎలిపోయేరు. ఆళ్లకి ఇప్పటికీ తెల్దు. నారాయణమ్మ ఆ వారం దాటనేదు.

ఏడవకే. నిన్నేడిపిద్దావని సెప్పనేదు. నీ గుంటకి ఏటి పెడతావో పెట్టుకో, అది నీ ఇష్టం, నీ డాట్రు సెప్పింది యిను. నానేటీ అనను. అననిస్తానా ఎవల్నైనా! కానీ ఇంట్లోవోళ్లకి మాత్రం దాయకమ్మి. ఏటి పెడతన్నావో మాకు తెలియాల, ఎలగ కలపాలో తెలియాల. అంతే నాను కోరీది.

అదిగో, లేసినట్టుంది. ఎల్లు, ఎల్లు, పాపం ఆకలేమో. సల్లగా ఉండండి తల్లీ కూతుళ్లు, నూరేళ్లు కడుపు నిండా తినండి. నాకేటి, నాను బాగానే ఉన్నాను. కళ్లెంబడి నీళ్లు ఊరికినే కారతాయి ఈ వయసులో. మా నారాయణమ్మ సెయ్యి... అంత వొణుకుతన్నా కూడా, గుంట పెదాల మీద ఒలికింది తుడిసింది సూడు, ఆ వేలితోటి...

ఎల్లమ్మా, ఎల్లు.