కొండమ్మ వయసు

"అవ్వా, ఫోన్లో రికార్డింగు పెట్టాను. మిరపకోతలకి తీసుకుపోయిన ఆడపిల్లల్ని మీరెట్లా కనిపెట్టుకునేవాళ్ళో చెప్పండి. భయమేం లేదు, పుస్తకంలో అందరి పేర్లూ మార్చేస్తాను."

మార్చుకో తల్లీ, మార్చుకో. తిరపతమ్మ అనే పేరు పుస్తకంలో పడితే ఎంత, పడకపోతే ఎంత. ఆ ఫోను ఇట్లా మంచం మీద పెట్టు, కింద పెట్టబాక, కోడి పొడుస్తుంది. ఆ. ఏమడిగావు? ఆడపిల్లల్ని ఎట్లా కనిపెట్టుకున్నావనా? నువ్వు చదివేది ఏందన్నావు, పిల్లల బాగోగుల మీదా? దానికీ ఒక చదువుందా! మా రోజుల్లో ఉంటే నాకూ ఒక డిగ్రీ ఇచ్చుండేవాళ్ళు. నవ్వుతావేం, నిజమే చెబుతున్నా. ఇరవై ఏళ్ళకి పైనే కూలోళ్ళ ముఠా నడిపాను నేను.

మా కనిగిరి మెట్ట సంగతి తెలుసుగా. వాన పడితే పంట, లేకపోతే లేదు. మాఘమాసం వచ్చిందంటే సగం ఊరు గుంటూరు పక్కకి మిరపకోతలకి పోవాల్సిందే. ముప్ఫై మంది ఆడోళ్ళం, ఒక లారీ. దానికి మేస్త్రిని నేను. ఆసామితో బేరం మాట్లాడేది నేనే, పట్టలతో గుడిసెలు వేయించేది నేనే, జ్వరమొస్తే మాత్ర తెచ్చేదీ నేనే. మీ తాత కూడా వచ్చేవాడనుకో. అదిగో గోడ మీద పటంలో, ఆ మీసాలాయన. లారీ పక్కన నిలబడి బీడీ కాల్చడం ఆయన పని. పోయాడు పాపం, అనకూడదుగానీ ఉన్నమాట అదే.

పెద్దోళ్ళతో పాటు పిల్లలూ వచ్చేవాళ్ళు. తల్లి జబ్బు మనిషో, బాలింతో అయితే తనకి బదులు పిల్లని పంపేది. పిల్ల చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టి, "అక్కా, నీ బిడ్డే అనుకో" అనేది. అట్లా అన్నాక ఇంక మనకి నిద్రెట్లా పడుతుంది చెప్పు. నేను చెప్పబోయే ఆ ఏడాది అట్లాంటోళ్ళు తొమ్మిది మంది. పొద్దున్నే లేచి తొమ్మిది మందికీ నేనే తల దువ్వేదాన్ని. పేలు చూసి, కొబ్బరినూనె రాసి, జడేసి. నూనంటే ఇప్పటి మాదిరి కాదమ్మా, చిన్న సీసా కొనాలంటే ఒక పూట కూలి పోయేది. అయినా రాసేదాన్ని. తొమ్మిది జడలూ అయితే లెక్క సరిపోయినట్టు.

ఇంకోటి చేశాను. నా పసుప్పచ్చ చీరొకటి చినిగితే దాన్ని పీలికలు చేసి, అందరి జడలకీ అవే కట్టాను. ఎందుకనుకున్నావు? మిరప చేలో అంతా పచ్చన, ఎర్రన. అందులో పసుప్పచ్చ ఎంత దూరానున్నా కనిపిస్తుంది. గట్టు మీద నిలబడి లెక్కపెట్టేదాన్ని. ఒకటి తగ్గిందంటే కేకేసేదాన్ని. నా కేక వింటే పక్క ఊరి కుక్కలు కూడా మొరిగేవిలే. కాలవకి పోయినా, చాటుకి పోయినా ఇద్దరిద్దరు పోవాలి. పడుకునేటప్పుడు పిల్లలు మధ్యలో, ముసలీ ముతకా చుట్టూరా. ఒకసారి ట్రాక్టరు డ్రైవరు ఎవడో మా పిల్లతో ఎకసెక్కాలాడితే, దోసెడు మిరప్పొడి తీసుకుని పోయి వాడి ఎదురుగా నిలబడ్డాను. ఏమీ అనలేదు, ఊరికే నిలబడ్డాను. మళ్ళీ కనపడితే ఒట్టు.

రాసుకున్నావా? రాసుకో. ఏ ఏడూ ఒక్క పిల్లకి కూడా చెడ్డపేరు రానివ్వలేదు. అందర్నీ తెచ్చి ఎవరి తల్లికి వాళ్ళని అప్పజెప్పాను.

ఆ కల్లం మీద రోజులు తలుచుకుంటే ఏందో అవుతుందమ్మా ఇక్కడ, గుండెలో. ఇప్పటికీ ఎవరన్నా తాలింపులో ఎండుమిరపకాయ వేస్తే నేను చేస్తున్న పని ఆపేస్తాను. కల్లం నిండా ఎర్రగా కాయలు ఆరబోసి, చుట్టూ కూర్చుని తాలుకాయలు ఏరుతుంటే... తాలంటే తెలుసా, తెల్లబడిన కాయ, రేటు పలకదు, దాన్ని వేరే కుప్ప పోస్తాం. చేతులు భగభగ మండేవి, తుమ్ములు, దగ్గులు. అయినా పాటలు. ఆ పిల్లలు ఎంత నవ్వేవాళ్ళనుకున్నావు! ఉత్తపుణ్యానికి నవ్వేవాళ్ళు. చేతుల మంటకి మజ్జిగలో ముంచుకోండే అంటే, ముంచుకుని ఆ మజ్జిగ ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకునేవాళ్ళు.

అందులో ఒకతె ఉండేది. కొండమ్మ. మాలకొండమ్మ అసలు పేరు. మా వీధి చివర లక్షుమ్మ కూతురు. లక్షుమ్మకి ఉబ్బసం, మిరప ఘాటుకి నిలబడలేదు, అందుకని పిల్లని పంపింది. "నీ మాట జవదాటదక్కా" అని చెప్పి మరీ పంపింది. నిజమే, జవదాటేది కాదు. పన్నెండేళ్ళు. సన్నగా ఉండేదిగానీ చేతులు చురుకు. ఒకటే పిచ్చి దానికి, అక్షరాలు. ఎరువు సంచి మీద ఏముందో అడిగేది, లారీ వెనకాల ఏం రాశారో అడిగేది. ఎవర్నడగాలి? మాకెవరికొచ్చు? ఆసామి కొడుకునడిగి నాలుగు అక్షరాలు నేర్చుకుంది. మిరప తొడిమతో కల్లం మట్టి మీద అవే రాసుకుంటూ కూర్చునేది. చెయ్యి ఆడించవే అంటే ఒక చేత్తో ఏరుతూ ఇంకో చేత్తో రాసేది.

నీళ్ళు తాగు తల్లీ, ఎండన పడి వచ్చావు. నేనూ తాగుతాను.

ఒకరోజు పొద్దున ఆసామి మోటారు సైకిలేసుకొచ్చాడు. "తిరపతమ్మా, ఎవరో సర్వే అంట. పనుల్లో ఉన్న చిన్నపిల్లల పేర్లు రాసుకుపోతున్నారు. నీ పిల్లల సంగతి నువ్వు చూసుకో" అని చెప్పి పోయాడు. బలవంతం చేయలేదమ్మా, తప్పు ఆయన మీదికి తొయ్యను. చూసుకో అన్నాడు, నేను చూసుకున్నాను.

చూసుకోవడమంటే ఏందనుకున్నావు? తొమ్మిది మందినీ కూర్చోబెట్టి, "ఎవరడిగినా పద్దెనిమిదేళ్ళని చెప్పండే" అన్నాను. వాళ్ళ లంగాల మీద నావీ, మిగతా ఆడోళ్ళవీ చీరలు చుట్టాను. నీ మొహం అట్లా పెట్టబాక. నాకేం తెలుసు? కాయితాలు పట్టుకొచ్చినోళ్ళు పిల్లల్ని జీపెక్కించుకుపోతే వాళ్ళ తల్లులకి నేనేం చెప్పను అనుకున్నా. అదొకటి. రెండోది కూడా చెప్తా, దాచను. ఇంతమందిని తెస్తానని ఆసామికి మాటిచ్చాను, తొమ్మిది జతల చేతులు పోతే కోత ఎట్లా తెమలాలి అని కూడా అనుకున్నాను. ఏది ముందనుకున్నానో ఇప్పుడు గుర్తులేదు.

అప్పుడు కొండమ్మ అడిగింది. "పెద్దమ్మా, బడికి తీసుకుపోతామంటేనో? అప్పుడెన్ని చెప్పాలి?" అప్పుడూ అంతే, పద్దెనిమిది అన్నాను.

వచ్చిందమ్మా ఆ సర్వే ఆవిడ. నీ మాదిరే భుజానికి సంచి, కళ్ళజోడు, ఘాటుకి ఒకటే దగ్గు. కానీ మంచి మనిషి. కుర్చీ తెప్పిస్తానంటే వద్దని మాతో పాటు కింద కూర్చుంది. తనూ తాలు ఏరుతూ ఒక్కొక్కర్నీ అడిగింది. మొదట సుజాత. "పద్దెనిమిది" అనబోయి కిసుక్కున నవ్వింది, లేవబోతే చీర కాళ్ళకి చుట్టుకుని పడింది. అందరూ ఒకటే నవ్వు. ఆవిడా నవ్వి, నిజం వయసు చెప్పించుకుని రాసుకుంది. ఇంకో ముగ్గురు కూడా అంతే, తడబడి దొరికిపోయారు. నలుగురు పెద్దపిల్లలు, వాళ్ళ మాట చెల్లిపోయింది. చివర్న కొండమ్మ.

"నీకెన్నేళ్ళు తల్లీ?" అంటే "పద్దెనిమిదండీ" అంది. నవ్వలేదు, తడబడలేదు. ఆవిడ కలం పక్కన పెట్టింది. దాని ముందు మట్టిలో అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి. "నువ్వే రాశావా? నీకు చదువుకోవాలని ఉందా? నిజం చెప్పు, ఎవరూ ఏమీ అనరు" అంది. ఆ పిల్ల నా వైపు చూసింది. చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. నేను తలెత్తలేదు. ఏరుతున్నాను. మంచికాయలు కూడా తాల్లో వేస్తున్నాను. కాసేపు చూసి, కాలితో ఆ అక్షరాలు చెరిపేసుకుంది. "పద్దెనిమిదండీ" అంది మళ్ళీ. ఆవిడ రాసుకుంది.

ఆవిడ పోయాక నా దగ్గరికొచ్చి, "బాగా చెప్పానా పెద్దమ్మా?" అంది. బాగా చెప్పావన్నాను. బెల్లం ముక్క పెట్టాను.

ఉండు... ఈ కొంగుతో తుడుచుకుంటా. ఆపబాక, ఫోను ఉండనీ.

దొరికిపోయిన నలుగురి తల్లులతో ఆవిడ మా ఊరొచ్చి మాట్లాడింది. ఏదో క్యాంపులో పెట్టి, అన్నం పెట్టి, చదువు నేర్పి, తర్వాత వయసుకి తగ్గ తరగతిలో కలిపారు. సుజాత ఇప్పుడు నర్సమ్మ. ఇదిగో ఈ బీపీ బిళ్ళలు అదే తెచ్చిచ్చింది. "పెద్దమ్మా, ఆ రోజు నీ చీర తట్టుకుని పడ్డా కాబట్టి బతికిపోయా" అని నవ్వుతుంది. నవ్వుతా నేను కూడా. అబద్ధం చెప్పడం రానోళ్ళు చదువుకున్నారమ్మా. నా మాట విన్న పిల్ల ఏమైంది మరి?

రెండేళ్ళకి లక్షుమ్మకి జబ్బు ముదిరింది. తను ఉండగానే పిల్లకి పెళ్ళి చేసేయాలని మేనమామ సంబంధం తెచ్చాడు, దాచేపల్లి పక్కన నాపరాళ్ళ క్వారీలో పనిచేసే వాడెవడో. పిల్ల మరీ చిన్నదిరా అని ఒక పెద్దాయన అన్నాడు కూడా. "చిన్నదేంది, రెండేళ్ళ కిందటే సర్వేలో పద్దెనిమిదని రాసుకుపోతేను! కావాలంటే తిరపతమ్మనడగండి" అన్నాడు మేనమామ. అందరూ నా వైపు తిరిగారు. ఔనన్నానా అంటే అనలేదు. కాదన్నానా అంటే అదీ అనలేదు. నా కేకకి పక్క ఊరి కుక్కలు మొరిగేవని చెప్పాను చూడు, ఆ నోరు ఆ రోజు పెగల్లేదు.

బస్సెక్కించడానికి పోయాను. కిటికీ పక్కన కూర్చుంది. జడకి అదే పసుప్పచ్చ పీలిక, వెలిసిపోయింది, అయినా అదే కట్టుకుంది. నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, ఆడ ఎవరన్నా అడిగితే ఎన్నేళ్ళని చెప్పాలి?" ఎత్తిపొడుపు కాదమ్మా. అట్లాంటిదేం తెలియదు దానికి. నిజంగానే అడిగింది. నేను చెప్పేలోపు... కాదు. అబద్ధమెందుకు, బస్సు చాలాసేపే ఆగింది. నేనే చెప్పలేకపోయాను.

లక్షుమ్మ పోయినప్పుడు కబురు చేస్తే కొండమ్మ రాలేదు. కబురు అందిందో లేదో. తర్వాత నేనే వెతుక్కుంటూ పోయాను. ఆడ పని అయిపోయి వాళ్ళంతా ఎప్పుడో ఎటో వెళ్ళిపోయారన్నారు. ఎటో ఎవరికీ తెలియదు. మేనమామనడిగితే నాకేం తెలుసని చేతులు తిప్పాడు. అప్పట్నుంచీ ఎక్కడికి పోయినా అదే పని నాకు. అమరావతి గుడికి పోతే దేవుణ్ణి చూడలేదమ్మా, క్యూలో ఆడోళ్ళ మొహాలు చూశాను. ముప్ఫై దాటి ఉంటాయి దానికిప్పుడు. చూస్తే గుర్తుపడతానా? పడతాను. ఎందుకు పట్టను. ఇప్పటికీ పొద్దున లేస్తూనే వేళ్ళు మడిచి లెక్కపెడతాను. ఎనిమిది మంది ఎక్కడున్నారో, ఏం తింటున్నారో చెప్పగలను. తొమ్మిదో వేలు దగ్గర ఆగిపోతాను.

ఒక్క మాట అడుగుతా తల్లీ. ఆ పేర్లు మార్చడం మానుకోరాదూ? నా పేరు అట్లాగే రాయి. దాని పేరు కూడా రాయి, మాలకొండమ్మ, లక్షుమ్మ కూతురని. పుస్తకం పదిచోట్లకి పోతుందంటివిగా. దానికి చదవడం రాదు, నా పుణ్యమే అది. కానీ పిల్లలుండరా దానికి? తన పిల్లల్ని మాత్రం బడి మాన్పించి ఉండదు, నాకు తెలుసు. వాళ్ళెవరన్నా చదివి, "అమ్మా, ఇందులో నీ పేరుందే" అంటారేమో.

"రాయకూడదు అవ్వా. ఆవిడ ఒప్పుకోకుండా ఆవిడ పేరు మేం రాయకూడదు. ఆవిడ కోసమే ఆ రూలు."

దాని కోసమేనా. ఔనా.

మంచి రూలే అయితే. దాన్ని అడక్కుండా దాని తరఫున ఒకసారి నేను రాయించాను, చాల్లే. సరే, పేరు మార్చుకో. ఏం పేరు పెడతావు? మంచి పేరు పెట్టు, చదువుకున్న పిల్ల పేరులా ఉండాలి.

కానీ వయసు మార్చబాక. వినపడుతోందా? ఆ సర్వే రోజుకి దాని వయసు పన్నెండు. పద్దెనిమిది కాదు, తిరపతమ్మ అబద్ధం చెప్పించింది, పన్నెండు అని రాయి. ఆ కాయితం మీదే రాయి, నేను చూస్తా. అంకె నాకు తెలుసులే. ఒకటి... పక్కన రెండు. ఆ. అదీ.

పొద్దు వాలింది, పో తల్లీ, నీ బస్సు తప్పిపోతుంది. చల్లగా ఉండు. నువ్వు అడిగిన ప్రతి పిల్లా నీకు నిజమే చెప్పాలి. పక్కన నాలాంటిది ఎవతన్నా తల దించుకుని కూర్చుని ఉంటే, దాన్ని లేపి అవతలికి పంపి, అప్పుడడుగు.