లిఫ్టులో పాసైన బిల్లు

చట్టసభ భవనం ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద దర్జీ కూర్చోలేక కూర్చున్నాడు. కింద కుట్టుమిషను లేకపోయినా కాళ్లు తొక్కుతూనే ఉన్నాయి. భార్య గుండెలో కవాటం మార్చాలన్నారు డాక్టర్లు. వైద్య బిల్లు పాసైతే ఆపరేషను ఖర్చంతా ప్రభుత్వానిదే, కాకపోతే దేవుడే దిక్కు. లోపల పొద్దున్నించీ చర్చ నడుస్తోంది. కొట్లో టీవీ అరిచిందే అరుస్తోంది.

"అంత కంగారెందుకోయ్?" అన్నాడు లిఫ్టు బాబాయ్, టీ ఊదుకుంటూ. ఆ భవనంలో లిఫ్టు నడిపేది ఆయనే, యూనిఫాం గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. "ఆ బిల్లును కదిలించిందే నేను. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, నేను చేసిందల్లా ఒక్క మీట నొక్కడమే. మొన్న ఆరోగ్య మంత్రి ఫైలు చంకలో పెట్టుకుని ఎక్కాడు. వెనకాలే ప్రతిపక్ష నాయకుడూ ఎక్కాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటేగా! రెండంతస్తుల మధ్య టక్కున ఆపేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు బాబాయ్." దర్జీ ముందుకు జరిగాడు.

"'తలుపు తియ్యవయ్యా' అన్నారు. 'మీరు రాజీ పడితేనే' అన్నాను. చెమటలు కక్కారు పాపం. ఆయన పళ్ల వైద్యానికి ఒప్పుకున్నాడు, ఈయన కళ్లద్దాలకు ఒప్పుకున్నాడు, నా వీపు మీదే ఫైలు ఆనించి సంతకాలు! ఈలోగా సంగతి పొక్కిందా, మిగతా సభ్యులంతా మేమూ వస్తామని ఒకటే గోల. ఎక్కించాను. సభ సభంతా ఎక్కింది, స్పీకరు కుర్చీతో సహా!"

"అంతమందీ ఆ పెట్టెలో ఎలా పట్టారు?" అంది టీ కొట్టు అక్క, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"ఊపిరి బిగబట్టమన్నానమ్మా, పట్టారు. ఓటింగూ అక్కడే. చేతులెత్తడానికి చోటేది? కనుబొమలెత్తమన్నాను. కాదన్నవాడు ఒక్కడుంటే ఒట్టు! ఆ సంతోషానికి లిఫ్టు ఆగితేనా? కప్పు చీల్చుకుని మబ్బుల్లోకి వెళ్లింది. పైనించి చూస్తే దేశంలో ఆస్పత్రులన్నీ కనిపించాయి. ఏ మంచం ఎక్కడ ఖాళీగా ఉందో నేను చెబుతుంటే మంత్రి రాసుకున్నాడు. ఇవాళ లోపల జరిగేది ఉత్త లాంఛనమోయ్!"

ఇవన్నీ కోతలని దర్జీకి తెలుసు. మబ్బుల సంగతి నమ్మలేదు. కానీ ఆ మొదటి ముక్క, మీట నొక్కిన ముక్క, నిజమైతే బాగుండునని ప్రాణం కొట్టుకుంది.

"గుండె కవాటం చేర్చారా బాబాయ్?"

"మొట్టమొదట రాసిందే అది!"

దర్జీ గబుక్కున ఫోను తీశాడు. ఆస్పత్రిలో ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది.

అక్క గరిటె పక్కన పెట్టింది. "ఆగు తమ్ముడూ, ఆ పిల్లకు లేనిపోని ఆశ పెట్టకు. లిఫ్టు చెడిపోయి నెలయింది. రోజూ టీ ఫ్లాస్కు మోసుకుంటూ మెట్లెక్కి మోకాళ్లు అరగదీసుకుంటున్నది నేను. ఈయన కింద స్టూలేసుకుని, వచ్చినవాళ్లకు మెట్లు ఎటో చూపిస్తున్నాడు."

లిఫ్టు బాబాయ్ గ్లాసులోకి చూసుకున్నాడు. టీ ఎప్పుడో అయిపోయింది.

అంతలో ఫోను దానంతటదే మోగింది.

"పాసయిందా?" అంది భార్య, ఆయాసపడుతూ.

దర్జీ ఎదురుగా ఉన్న భవనం వైపు చూశాడు. "ఇంకా లేదే. అక్కడ లిఫ్టు చెడిపోయిందట. బిల్లు మెట్లెక్కుతోంది."



"అయితే నాలాగే," అంది, "మెట్టు మెట్టుకీ ఆగుతోందన్నమాట."