ఎర్రయ్య బిగించిన గాజు గేజీ

ఏట్రా సూర్యం, పొద్దుట్నుంచి ఆ పాత కారు పెట్రోలు ముల్లుతోనే కుస్తీ పడుతున్నావు? కొట్టు, ఇంకా కొట్టు. కొడితే ముల్లు లేస్తాదని ఏ పుస్తకంలో చదివేవో. నేను వేలిముద్రగాడిని, నాకెందుకులే. కానీ ఒక్కటి చెప్తాను విను. వెదురుపుల్ల టాంకులో ముంచి చూసుకున్నోడెవడూ ఈ బిలాస్‌పూర్‌లో చెడిపోలేదు. మట్టం చూపించే గేజీ పెట్టినోడే చెడ్డాడు. ఎవడా? ఎర్రయ్య. మా రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. ఆ గేజీ మూలంగానే కదా వాడి రైల్వే డ్యూటీ ఊడిపోయింది. మీ నాన్న చెప్పలేదేటి? అచ్ఛా, ఆయనకి హిందీలో గొప్పలు చెప్పుకోడానికే పొద్దు చాలదు.

పాతికేళ్ళ కిందటి మాట. అప్పుడు ఊళ్ళో మోటార్లు ఎన్ని, మూడో నాలుగో. అన్నిటికీ డాక్టరు మన ఎర్రయ్యే. డ్యూటీ దిగేడంటే దయాల్‌బంద్ పేటలో కంట్రాక్టరు గారి కారు కింద దూరిపోయేవోడు. ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలో వెండికాగితం చుట్టేవోడు. వాడు ఓసారి వైర్లు కలిపేక హారను నొక్కితే దీపం వెలిగేది, దీపం వేస్తే హారను మోగేది. ఏట్రా ఇది అంటే, "రెండూ పనిచేస్తన్నాయి కదా బావా, ఇంకేటి కావాలి?" అని నవ్వేవోడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవోడు, ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. నా పనిలో నూలుపోగంత తేడా ఉండదు, షెడ్డులో ఎవడినైనా అడుగు. సరే, ఆ కారుకి పెట్రోలు ఎంతుందో చెప్పే ముల్లు లేదు. టాంకు డ్రైవరు మోకాళ్ళ ఎదురుగానే ఉండేది. మనిషన్నోడైతే పుల్ల ముంచుతాడు. వీడు మహా మేధావి కదా, రైలింజనులో నీళ్ళ మట్టం చూసే గాజుగొట్టం ఉంటాది చూడు, అలాంటి పారేసిన గొట్టం ఒకటి తెచ్చి టాంకుకి బిగించేసేడు. వెనక నలుపు తెలుపు చారల రేకు. అడుగున ఇత్తడి కుళాయి. కుళాయి ఎందుకంటావా? ఇంజను గేజీకి ఉంటాది కాబట్టి! డ్యూటీ ఎక్కిన డ్రైవరు ముందు ఆ కుళాయి తిప్పి నీళ్ళు కిందకి ఒదిలేస్తాడు, మళ్ళీ కట్టేస్తాడు. నీళ్ళు గబుక్కున పైకి లేస్తే గేజీ నిజం చెప్తున్నట్టు. అలా చూసుకోనోడు బాయిలరు పేలి చస్తాడు. మాకది ఊపిరి పీల్చినంత అలవాటు.

ఇంతలో మా చెల్లి అచ్చియమ్మ పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకుది అకల్‌తరా స్టేషన్లో కొలువు. మాలో పెళ్ళికూతుర్నే అటు తీసుకెళ్ళాలి. పదకొండింటికి ముహూర్తం, అది తప్పితే మూఢం, మరి నాలుగు నెలలు లేదు. అవతల పెద్దమనిషి లక్ష్మీనరసమ్మ, పెళ్ళికొడుకు తల్లి, "ఒక్క నిమిషం దాటిందా, మా వోడికి వేరే పిల్ల ఉంది" అని ముందే కబురెట్టింది. ఎంత మర్యాద! సరిగ్గా ఆ పొద్దుటే గూడ్సు పట్టా తప్పి లైను మూసేసేరు. ఊరంతా రైలోళ్ళమే, ఎక్కడానికి రైలు లేదు. ఎర్రయ్య పరుగెత్తి కంట్రాక్టరు గారి కాళ్ళు పట్టుకుని కారు తెచ్చేడు. నడపడానికి సన్యాసిరావు కూర్చున్నాడు. పాసింజరు డ్రైవరు, వాడి బండి కాన్సిలయ్యింది. కూర్చోగానే ఏటి చేసేడు? కుళాయి తిప్పేడు. పెట్రోలు బరబరా నేల మీదకి, కట్టేడు, గొట్టంలో పైకి లేచింది. "గేజీ భేషుగ్గా ఉందిరా ఎర్రయ్యా!" అన్నాడు. ఎర్రయ్య మురిసిపోయేడు. దారిలో గేదెలడ్డొచ్చి ఆగితే మళ్ళీ కుళాయి. మా అమ్మకి వాంతి వచ్చి ఆగితే మళ్ళీ కుళాయి. బాయిలరుకైతే ఇంజక్టరుంటాది, పోయిన నీళ్ళు మళ్ళీ ఎక్కించుకోవచ్చు. కారుకేటుంది? ఎర్రయ్య మొహం ఉంది. ముగ్గురం లోకోవాళ్ళం, ఒక్కడికీ తట్టలేదు. ఆఁ? నేనా? నేను... ఓసారి సన్యాసిరావు దిగితే, నేనూ తిప్పి చూసేన్లే. అలవాటని చెప్పేను కదా.

ఇంకా మూడు మైళ్ళుందనగా గొట్టం అడుక్కి వచ్చేసింది. సన్యాసిరావు లైను పక్క రైలుగేటు దగ్గర టక్కున ఆపేసేడు. "మట్టం పోతే నిప్పు ఆర్పెయ్యాల్సిందే, అది రూలు!" అంటాడు. కారులో నిప్పెక్కడుందిరా దరిద్రుడా అని మా అమ్మ శోకాలు. చెల్లి ఏడవలేదు, బాసికం పట్టుకుని పొద్దు వైపు చూస్తూ కూర్చుంది. అప్పుడు ఎర్రయ్య నవ్వలేదు. "ఇంజను వేడిగా ఉంది బావా. ఈ గుక్కెడు పెట్రోలుతో లేపి, మీద కిరసనాయిలు పోస్తే లాగేస్తాది" అన్నాడు. కిరసనాయిలు ఎక్కడుంది? గేటు దీపాల డబ్బాలో. అది రైల్వే సొత్తు. గేటువాడు "అరే దదా, మోర్ నౌకరీ చలే జాహీ" అని, తన ఉద్యోగం పోతాదని కాళ్ళావేళ్ళా పడ్డాడు. "రేపు తెల్లారేలోగా తెచ్చి పోసేస్తాను, మా అమ్మ తోడు" అని ఎర్రయ్య డబ్బా ఎత్తేడు. తెల్లపొగ, దగ్గులు, తుపాకీ మోతలు. పెళ్ళికూతురు మొహం నిండా మసి. కానీ పదకొండుకి పావు తక్కువకి పందిట్లో దిగేం. పెళ్ళయ్యింది. దాని కొడుకులు ఇప్పుడు నాకు దణ్ణమైనా పెట్టరు, అది వేరే సంగతి.

అక్కడితో ఆపొచ్చు కదా ఎర్రయ్య? ఆపడు. బంతిలో మగపెళ్ళివారంతా కూర్చునుండగా ఎత్తుకున్నాడు: "అందరం తిప్పేం గానీ, మా పైడిరాజు బావ తిప్పినప్పుడు పోయిందే ఎక్కువ! నూలుపోగంత తేడా రానీడు కదా, రెండుసార్లు తిప్పి చూసేడు!" పందిరంతా ఒకటే నవ్వు. లక్ష్మీనరసమ్మకైతే పొలమారింది. నా చెల్లి పెళ్ళిలో, నా ఎదురుగా! నేను విస్తట్లోంచి లేవలేదు. మర్యాద తెలిసినోడిని.

ఆ పొద్దుట గేటు దగ్గర ఎర్రయ్య కారులో నూనె పొయ్యడం, పట్టా తప్పిన చోటికి ట్రాలీ మీద పోతున్న ఇనస్పెక్టరు కంట పడ్డాది. నాల్రోజులకి ఎంక్వైరీ. గేటువాడు భయపడి, "నేను అన్నం తింటున్నాను, ఏదీ చూళ్ళేదు" అన్నాడు. సన్యాసిరావు బండి తోలుకుని లైను మీద ఉన్నాడు. మిగిలింది నేను. ఫోర్‌మన్ దొర గుమాస్తా చేత అడిగించేడు: "పైడిరాజూ, ఇతను రైల్వే నూనె తియ్యడం నువ్వు చూశావా?" చూశానన్నాను. నేను జన్మలో అబద్ధమాడలేదు. ఇంకేమైనా చెప్పాలా అన్నాడు. లేదన్నాను. తీసింది మళ్ళీ పోసేడా అని వాళ్ళు అడగలేదు. అడగందానికి జవాబిచ్చే అలవాటు నాకు లేదు. వేలిముద్ర వేసి వచ్చేసేను. అంతే, మర్నాడు వాడి పేరు కొట్టేసేరు.

క్వార్టరు ఖాళీ చేసి పోతూ మా గుమ్మం ముందు ఆగేడు. నెత్తిన ట్రంకుపెట్టె, వెనక పెళ్ళాం. కోపంగా లేడు, అదీ నాకు నచ్చలేదు. మెల్లిగా అడిగేడు: "బావా, నూనె తిరిగి పొయ్యడానికి ఆ తెల్లారగట్ల గేటు దాకా డబ్బాకి అటుపక్క చెవి పట్టుకుని మోసింది నువ్వే కదా?"

ఏటి? నేనేటన్నానా?

ఎండ మంచం మీదకి వచ్చేసింది. లే, ఆ కోడు పట్టుకుని అటు లాగు.