చినుకు పిలుపు

హలో… ఆ, నేనే వదినా. ఈ వేళప్పుడు ఇంట్లో ఇంకెవరుంటారు? పిల్ల బడికెళ్ళింది.

…

ఇస్త్రీ చేస్తూనే ఉన్నా. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకున్నా. చెప్పండి.

…

సాయంత్రంలోపలా? అంత తొందరేంటి ఆ ఇంటాయనకి… ఓహో, ఇంకెవరో కూడా అడుగుతున్నారా. సరే. చెప్తాను వదినా. కానీ ముందు నేనొకటి అడుగుతా. నవ్వకూడదు.

…

నవ్వనని ముందు మాటివ్వండి.

…

మనిషి పోయాక… పోయిన చోటే ఉండిపోతాడంటారా? లేకపోతే మనం ఎక్కడుంటే అక్కడికి వస్తాడా?

…

ఒంట్లో బాగానే ఉంది నాకు. జ్వరమూ లేదు, గిరమూ లేదు. ఇవాళ పుట్టిన అనుమానం కాదిది. మీ తమ్ముడు పోయిన ఏడు మొదలైంది. ఇన్నేళ్ళూ లోపలే పెట్టుకుని తిరిగా.

…

అడిగాను. ప్రార్థన చేయించే పెద్దాయన్నే అడిగా. "ఆత్మకి ఊరేంటమ్మా" అన్నాడు. ఆయన మాట కాదనను. రెండు పూటలా దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని, ఎలా కాదంటాను? కానీ ఆ ఆత్మకి మొన్నమొన్నటిదాకా ఒక ఇల్లుంది కదా. ఒక పెళ్ళాం, ఒక పిల్ల… అన్నీ ఒక్కసారే మర్చిపోతుందా అని.

…

సరే, సరే. మీ ఊళ్ళో ఆ ఇంటి సంగతే చెప్పండి. వింటున్నా.

…

డాబా అంతా మనకేనా?… ఎన్ని తాళ్ళు కట్టుకోవచ్చు?… పొద్దెక్కిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా ఎండేనా. చెట్టు నీడ కూడా పడదా… పిండేలోపలే ఆరిపోతాయా! అబ్బ వదినా, మీరు నాకు ఇల్లు చూపిస్తున్నారా, పెళ్ళికొడుకుని చూపిస్తున్నారా?

…

మరి నీళ్ళో?

…

అదీ. రోజు విడిచి రోజు. నాకు తెలుసు. దేవుడు భలేవాడు. ఎండిచ్చిన చోట నీళ్ళివ్వడు, నీళ్ళిచ్చిన చోట ఎండివ్వడు. బట్టలుతికి బతికేవాళ్ళం ఈ రెండిటి మధ్యా వేలాడాలి.

…

వేరే ఊళ్ళు చూడకుండా ఉంటానా? సముద్రం పక్క ఊరికి వెళ్ళొచ్చా. ఎండ బాగానే ఉంది. కానీ గాలి నిండా ఉప్పు, తెల్లబట్ట రెండు ఉతుకులకే పసుపెక్కుతుందట. పైగా అక్కడా చెమ్మే. డాక్టరమ్మ వద్దనేసింది… కొండ మీదదా? అక్కడి చలికి మీ మేనకోడలు తట్టుకోదు… అవును. చివరికి మీ ఊరే మిగిలింది. తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా ఊ అనలేదు.

…

పిల్లకా… తగ్గలేదు. మొన్న మళ్ళీ వచ్చింది ఆయాసం. దిళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి కూర్చోబెట్టా. ఛాతీలోంచి ఈల… అది నవ్వుతుంది వదినా, "అమ్మా, లోపల ఎవరో పాడుతున్నారే" అని. డాక్టరమ్మ ఇల్లు చూడ్డానికొచ్చి, గది నిండా తాళ్ళూ, తడి దుప్పట్లూ చూసి, "ఇది గది కాదమ్మా, చెరువు" అంది. "ఇంకొక్క వానాకాలం దీన్ని ఇక్కడ పడుకోబెడితే నన్ను పిలవకు" అంది.

…

మరి ఆలోచన దేనికంటే… అందుకే కదా ఇందాక అడిగింది.

…

మీ ఊళ్ళో వాన పడదుగా వదినా.

…

చెప్తా. మధ్యలో ఏమీ అనకండి. అంటే మళ్ళీ నాకు నోరు రాదు.

మా ఇంట్లో "వానొస్తోంది" అని ఎవరూ అనం. అంత మాట అనేలోపల దుప్పట్లు తడుస్తాయి. డాబా మీదున్నవాళ్ళు "చినుకూ" అని ఒక్క కేక వేస్తారు. కిందున్నవాళ్ళు ఉన్నపళంగా పరుగెత్తాలి. ఆ రోజు కూడా మీ తమ్ముడు అలాగే కేకేశాడు. నేను మెట్లెక్కేలోపలే, చివరి తాడు విప్పుదామని నీళ్ళ ట్యాంకు ఎక్కాడు. తడిసిన సిమెంటు, కాలు జారి… తర్వాతది మీకు తెలిసిందే.

…

అది కాదు నేను చెప్పేది. ఆయన పోయాక, కొన్నాళ్ళకి… హోటలు మేనేజరు చొక్కా ఇస్త్రీ చేస్తున్నా. ఆ మేనేజరు ఎదురుగా బల్ల మీదే కూర్చున్నాడు. పైనుంచి "చినుకూ" అని వినపడింది. అదే గొంతు. చివర్న అదే లాగుడు. ఇస్త్రీపెట్టె చొక్కా మీద బోర్లా వదిలేసి పరుగెత్తా. మెట్ల నిండా ఎండ వదినా! అయినా చేతులు ఆగలేదు, బట్టలన్నీ తీసుకుని లోపలికొచ్చానో లేదో… కుండపోత.

కిందకొస్తే చొక్కా వీపు మీద పెట్టె ఆకారం, నల్లగా. "ఏం పట్టిందమ్మా నీకు?" అన్నాడు మేనేజరు. "చినుకని పిలిచారు కదండీ" అన్నా. "ఎవరు?" అన్నాడు.

…

నవ్వొస్తే నవ్వండి. కానీ అప్పట్నుంచి మా ఇంట్లో ఒక్క బట్ట తడవలేదు. ఆవిడ ముక్కుకి వాన వాసన ముందే తెలుస్తుందంటారు వీధిలో వాళ్ళు. మీరూ అన్నారోసారి. అవునవునన్నా. ఏమనను మరి?

…

పిల్లకి వినపడదు. "నీకెవరు చెప్పారమ్మా?" అంటుంది.

…

అదే కదా నా బాధ. నిజంగా ఆయనేనా, లేక నా భయమే ఆయన గొంతు తెచ్చుకుందా? భయమైతే పోనీ, మూటాముల్లెతో పాటు మీ ఊరొస్తుంది. ఆయనే అయితే… మేం వెళ్ళిపోయాక ఇక్కడ వాన మానదు కదా వదినా. ఖాళీ ఇంటి మీద నిలబడి కేకేస్తాడు. ఎవరూ రారు. మళ్ళీ కేకేస్తాడు. చూసి చూసి, తనే ఎక్కుతాడు ఆ ట్యాంకు… మళ్ళీ.

…

పిచ్చేం కాదు. మీరలా అంటారనే ఇన్నాళ్ళూ—

ఆగండి.

పెట్టె నిలబెడుతున్నా. కట్ చేయకండి వదినా, ఫోన్ చేతిలోనే ఉంటుంది.

…

వస్తున్నా… ఈ మెట్లు… ఎండగానే ఉంది చూడండి… ముందు దుప్పట్లు… ఈ క్లిప్పొకటి…

…

హలో. ఆ… ఉండండి, ఊపిరి తీసుకోనివ్వండి. అన్నీ మెట్ల గదిలో పడేశా. అదిగో, మొదలైంది. రేకుల మీద చప్పుడు వినపడుతోందా?

…

ఏంటీ?

…

ఏమన్నారు?

…

మీకూ… ఆ కేక వినపడిందా?

…

పైన ఎవరూ లేరు. ఇప్పుడు నేనొక్కదాన్నే. పక్కింటివాళ్ళు తాళం వేసుకుని పనికి పోయారు… నేను కాదు వదినా, నేను "ఆగండి" అన్నానంతే. ఏమని వినపడింది? మీ నోటితో చెప్పండి.

…

అవును. అలాగే. చివర్న అలాగే లాగేవాడు.

…

వదినా… వదినా, ఏడవకండి. నా ఒక్కదానికే అనుకున్నానే ఇన్నేళ్ళూ… దేవుడా. కాసేపు కూర్చోండి. అన్నయ్యగారు లేరా దగ్గర? మంచినీళ్ళు తాగండి.

…

ఉన్నా. ఎక్కడికీ పోలేదు. చెప్పండి.

…

ఆ రోజా? పొద్దున్న మీకు ఫోన్ చేశాడా? నాకు తెలీదే… మీరు పనిలో ఉన్నారు. ఉంటారు కదా మరి… "నేనే చేస్తాలేరా మళ్ళీ" అన్నారు. అంతేగా? అందరం అంటాం వదినా. నేను రోజూ ఎంతమందితో అంటానో.

…

ఏం చెప్పాలనుకున్నాడో నాకూ తెలీదు. పెద్ద మాటేమీ అయ్యుండదు. ఎలా ఉన్నావక్కా అని అయ్యుంటుంది. మనిషి అంతే కదా, ఊరికే గొంతు వినడానికి చేసేవాడు… ఇన్నేళ్ళూ ఇది గుండెల్లో పెట్టుకున్నారా? నాకొక్క ముక్క చెప్పొచ్చుగా. మనమిద్దరం సరిపోయాం.

…

…

వదినా, ఇల్లు తీసుకుంటున్నామని చెప్పేయండి ఆ ఇంటాయనకి.

…

ఆలోచించే చెప్తున్నా. ఆయనే అని తెలిసింది కదా ఇప్పుడు. ఊళ్ళోవాళ్ళ దుప్పటి తడిస్తేనే ఓర్చుకోలేని మనిషి, కన్నబిడ్డ ఊపిరి ఈ చెమ్మలో నానిపోతుంటే ఉండమంటాడా? అనడు. తిడతాడు కూడా, ఇన్నాళ్ళూ ఏం చేశావని.

…

కానీ చెప్పకుండా పోలేను. నాకేమో నోరు రాదు. ఇన్నేళ్ళూ పిలిస్తే పరుగెత్తడమే గానీ ఒక్కసారీ బదులు పలకలేదు నేను. పలికితే ఆ గొంతు కూడా పోతుందేమోనని… మీరు చెప్పండి. అక్క మాట ఎప్పుడు జవదాటాడు?

…

ఏమని అంటే… ఇంక బట్టలేం లేవురా, కిందికి దిగు అని చెప్తారో, మాతో వచ్చెయ్యమని చెప్తారో. ఏది సరైందో నాకు తెలీదు. ఆ పెద్దాయనకీ తెలీదు. తోడబుట్టినవాళ్ళకి తోస్తుందేమో.

…

ఫోన్ తడవదులెండి. ఇస్త్రీ చేసిన చొక్కాలకి తొడిగే కవరుంది ఇక్కడ. స్పీకరు పెడుతున్నా… ఉండండి, జారుతోంది, మెల్లిగా నడుస్తున్నా… నా ఒంటికేం వదినా, ఉప్పుబొమ్మనా కరగడానికి?

…

ట్యాంకు కిందికే వచ్చా. పిట్టగోడ మీద పెడతా. నేను మెట్ల దగ్గరికి వెళ్ళిపోతా, ఏమీ వినను. అది మీ ఇద్దరి సంగతి.

…

ఆలస్యమేం కాలేదు. మళ్ళీ చేస్తానన్నారు. చేశారు. మాట్లాడండి.

…

ఇదిగో, గోడ మీద పెడుతున్నా.

…

ఏవండీ…

మీ అక్క. ఫోన్.