కదిలితే బతికినట్టే

ఆ ఫ్యాను కట్టెయ్యకు పిల్లా. వెయ్యి, మళ్ళీ వెయ్యి. నాకు ఉక్కపోసి కాదు, నీ కూతురి కోసం. చాప మీద వెల్లకిలా పడుకుని దాన్నే చూస్తోంది, కనపడటం లేదూ? దాంతో మాట్లాడుతోందా? మాట్లాడనీ. నీ మొగుడు సెల్‌ఫోనుతో మాట్లాడితే లేని తప్పు ఇది ఫ్యానుతో మాట్లాడితే వచ్చిందా? ఏమన్నాడూ, దా నాంగ్ పట్నంలో డాక్టరు? ఆటిజమా. అవునా. పోనీలే, పేరన్నా పెట్టారు. మా రోజుల్లో ఆ పేరు కూడా లేదు, ఉన్నది ఒకటే మాట, వెర్రి. ఆ మాట మా దావ్ కొడుకు ఖోయ్‌ని ఎన్నిసార్లు అన్నారంటే, వాడు అదే తన పేరనుకునేవాడు.

దావ్ అంటే నీకు తెలీదులే, నువ్వు ఈ ఊరికి కోడలుగా రాకముందే పోయింది. మా పక్కిల్లు. ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ ఉంది చూడూ, అక్కడ. మొగుడు తుఫానులో పోయాడు. పడవలొస్తే తట్టలెత్తేది, చేపలు సంతకు మోసేది. ఖోయ్ ఒక్కడే కొడుకు. ఏపుగా పెరిగాడు, అందగాడు కూడాను. కానీ మనిషి ఎదురుగా కూచుంటే వాడి కంటికి ఆననే ఆనడు. మా మామగారు వాకిట్లో కూచుని చుట్ట కాల్చుకుంటుంటే, గుంజని తప్పుకున్నట్టు తప్పుకుని పోయేవాడు. అదే గాలికి ఒక ప్లాస్టిక్ కవరు దొర్లుకుంటూ వచ్చిందనుకో, ఆగి దారిచ్చేవాడు. "కవరు వస్తోంది, జరుగు" అని నన్ను కూడా పక్కకు లాగేవాడు. మా మామగారికి ఒళ్ళు మండిపోయేది. "నాకంటే కవరెక్కువైందిరా నీకు!" అని. మరి ఆయన కదిలేవాడు కాదుగా, పొద్దున్న కూచుంటే సాయంత్రానికి లేచేవాడు. నన్నడిగితే కవరే నయం.

నవ్వకు. విను. వాడి లెక్క ఒకటే. కదిలితే బతికుంది, ఆగితే చచ్చింది. వలకి కట్టిన బెండ్లు నీళ్ళ మీద ఊగుతుంటే మనమేమంటాం? అవి దెబ్బలాడుకుంటున్నాయనో, సరసాలాడుకుంటున్నాయనో కథలల్లుతాం. వాడు అల్లడు. "బతికున్నాయి" అంటాడు, అంతే. కథలల్లే తెగులు మనది. ఈ ఊళ్ళో ప్రతివాడికీ ఉంది. చేపదేవర గుళ్ళో తిమింగలం ఎముకలు పెట్టుకుని, ఆయన అలిగాడు, ఆయన శాంతించాడు అని చెప్పుకునేదెవరు? మనమే. చెక్క పడవకి చెక్క కళ్ళు కొట్టి, ఇక దానికి దారి కనపడుతుంది అనుకునేదెవరు? అదీ మనమే. అది భక్తి. కవరుకి దారిస్తే మాత్రం వెర్రి.

ఆఁ, పడవ కళ్ళనగానే గుర్తొచ్చింది, అదే చెప్పబోతున్నా. త్రాక్ అని ఉండేవాడు, ఇసకంతా తనదే అన్నట్టు నడిచేవాడు. సగం పడవలు వాడివే, దావ్ తట్ట ఎత్తాలన్నా, దించాలన్నా వాడి పడవ దగ్గరే. వాడు పెద్ద పడవ ఒకటి చేయించాడు. కళ్ళు తెరిపించే రోజు ఊరంతా ఇసకలోనే. పంది తలకాయ, ఉడికించిన కోడి, సారా, తమలపాకులు, దేనికీ లోటు లేదు. వడ్రంగి పడవ ముక్కుకి అటూ ఇటూ కళ్ళు దిగ్గొట్టాడు. గుడి పెద్ద వాటి మీద కప్పిన ఎర్రగుడ్డ లాగాడు. త్రాక్ రొమ్ము విరుచుకుని, గొంతు ఇలా పెట్టి, "చూస్తోంది! నా పడవ సముద్రాన్ని చూస్తోంది!" అన్నాడు. అందరూ దణ్ణాలు. అప్పుడు మా ఖోయ్ ముందుకెళ్ళి, దుంగల మీద కదలకుండా ఉన్న ఆ పడవని చేత్తో తట్టి చూసి, అందరికీ వినపడేలా, "ఇది చచ్చింది" అన్నాడు.

ఇంకేముంది! సారా గ్లాసులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. గుడి పెద్దకి ముచ్చెమటలు. "వాడి నోట్లోంచి సముద్రంలో పోయినవాళ్ళు మాట్లాడారు" అన్నాడొకడు. "వాళ్ళ నాన్నే మాట్లాడాడు" అన్నాడింకోడు. చూశావా, క్షణంలో అల్లేశారు! ఒరేయ్ అబ్బాయ్, చచ్చిందంటే ఏమిటిరా అని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. త్రాక్ దావ్‌ని జుట్టు పట్టుకోలేదు గానీ ఆ పని మాటల్తో చేశాడు. "పడవ నీళ్ళలో దిగేదాకా వీడు గడప దాటకూడదు. దాటాడా, నువ్వు మళ్ళీ ఈ ఇసక మీద తట్ట ఎత్తవు" అన్నాడు. తట్ట ఎత్తకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. దావ్ ఏం చేస్తుంది? కొబ్బరితాడు తెచ్చి, కన్నకొడుకుని తన చేత్తోనే నడిమింటి గుంజకి కట్టింది. ముడి వేస్తూ, "బాబూ, కొన్నాళ్ళేరా, కొన్నాళ్ళే" అంటుంటే గోడకి ఇవతల నాకు వినపడుతోంది.

అరుస్తాడనుకున్నాం. అరవలేదు. ఆ మర్నాటికి బిగుసుకుపోయాడు. చెయ్యి ఎక్కడ పెడితే అక్కడే. నేను చేప గంజి పట్టుకెళితే నోరు తెరవడు. "తినరా నాయనా" అంటే, పెదవి మాత్రం కదిపి, "నేను చచ్చాను. చచ్చినవాడు తినడు" అన్నాడు. అలక అనుకుంటావేమో. కాదే. వాడికి అలగడం రాదు. లెక్క ప్రకారం చెప్పాడు. కట్టేస్తే కదలడు, కదలకపోతే చచ్చినట్టే. పడవకొక లెక్క, తనకొక లెక్క పెట్టుకోడానికి వాడేమన్నా త్రాకా?

దావ్ తిట్టింది, బతిమాలింది. గుడి పెద్ద వచ్చి గుమ్మంలోంచే సాంబ్రాణి ఊపి పోయాడు, లోపలికొస్తే ఎక్కడ అంటుకుంటుందోనని. పిల్లాడు చిక్కి శల్యమవుతున్నాడు. ఆఖరికి ఏం తోచిందో దావ్‌కి, వల ఉయ్యాల తెచ్చి ఆ గుంజకే ఒక కొస, దూలానికొక కొస కట్టి, గుంజకున్న ముడి మాత్రం విప్పి, చేతుల తాడుతో సహా వాణ్ణి అందులోకి ఎత్తి పడేసి, ఊపడం మొదలెట్టింది. ఊపింది, ఊపింది. వాడి కళ్ళు పైకప్పు మీద అటూ ఇటూ తిరిగాయి. మెల్లిగా అడిగాడు, "అమ్మా, నేను కదుల్తున్నానా?" "కదుల్తున్నావు నాన్నా." "అయితే గంజి పొయ్యి." ఊపుకో గుటక మింగాడే, నా కళ్ళతో చూశాను. దావ్ చెయ్యి ఆపితే నోరు మూసేసేవాడు. పడవ దిగేదాకా ఆ తల్లికి నిద్రెక్కడిది? తట్టలెత్తే చేతులు కనక ఓర్చుకున్నాయి, నీవో నావో అయితే ఊడిపోయేవి.

అడిగింది వాళ్ళమ్మొక్కతే. "చచ్చిందని ఎందుకన్నావురా ఆ పడవని?" అని. "కదలటం లేదుగా" అన్నాడు వాడు. అంతే సంగతి! ఇంత మాటకి అంత తాడు. దావ్‌కి అప్పుడొచ్చింది కోపం. పడవ దింపే రోజు చేపల కత్తితో తాడు పరపరా కోసేసి, కొడుకు రెక్క పట్టుకుని ఇసకలోకి నడిచింది. జనం చీలి దారిచ్చారు. దుంగలకి కొవ్వు పూసి, మగాళ్ళంతా భుజాలు పెట్టి తోస్తున్నారు. పడవ కదలదు. త్రాక్ మొహం వంకాయలా ఉంది. దావ్‌ని చూశాడు, వీణ్ణి చూశాడు. "ఏరా దరిద్రుడా, ఇంకా చచ్చే ఉందా నా పడవ?" అన్నాడు. ఖోయ్ పడవకేసి చూశాడు. వీడికి అబద్ధం ఎవరు నేర్పారు? "ఆఁ" అన్నాడు. త్రాక్ చెయ్యెత్తాడు. దావ్ అడ్డం నిలబడింది, కత్తి చేతిలోనే ఉంది. అదే క్షణంలో తోసేవాళ్ళు ఇంకోసారి హైలెస్సా అన్నారు, కింద దుంగ కిర్రుమంది, పడవ జానెడు జరిగింది. ఖోయ్ గంతేశాడు. "బతికింది! బతికింది! బతికింది!" అని అరుచుకుంటూ దాని పక్కనే నీళ్ళలోకి పరుగు.

ఇక చూడాలి త్రాక్‌ని! కొట్టడానికెత్తిన చేత్తోనే వాణ్ణి కావిలించుకున్నాడు. "దేవర పలికించాడు! నా పడవకి ప్రాణం పోశాడు!" గుడి పెద్ద వచ్చి తడిసిన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. గుమ్మంలోంచి సాంబ్రాణి ఊపినవాడే! పంది చెవి కోసి వాడి నోట్లో పెట్టారు. ఆ తర్వాత ఏ పడవ దిగినా ముందు ఖోయ్, గొడుగు పట్టి మరీ తీసుకెళ్ళేవాళ్ళు. సిగ్గులేని జనం. వెర్రి అన్న నోళ్ళే దేవర అన్నాయి. వాడు రెండూ కాదు. ఎవడన్నా తెలుసుకున్నాడా? గొడుగు పట్టుకుంటే తెలుస్తుందా? మణికట్ల మీద తాడు మచ్చ చచ్చేదాకా ఉంది. దాన్ని కూడా దేవర గుర్తన్నారు, తెలుసా! నేను మొహం మీదే అన్నాను, "అది దావ్ వేసిన ముడిరా, వేయించింది మీరు" అని. నాకు నోటి దురుసట.

దావ్ పోయాక నా దగ్గరే తినేవాడు. పెద్దవాడయ్యే పోయాడులే, నిద్రలో. శవప్పెట్టెని తెడ్ల పాట పాడుకుంటూ మోశారు, మన పద్ధతే అది, అలల మీద పడవలా ఊపుకుంటూ. ఇంటి దగ్గర్నుంచి పూడ్చే ఇసకదిబ్బల దాకా పెట్టె ఊగుతూనే ఉంది. నేను వెనకాలే నడుస్తున్నాను. అందరూ ఏడుస్తున్నారు, నాకేమో ఆ పెట్టె మీంచి కన్ను తిరగదు. వాడుంటే దాన్ని చూసి ఏమనేవాడా అని... దిబ్బ దగ్గర దించారు. దించగానే...

ఏమైందే, కరెంటు పోయిందా? అదిగో, రెక్కలాగిపోయాయి, చిన్నదాని మొహం చూడు ఎలా అయిందో. లేదమ్మా, లేదు, నా తల్లే. ఆ వల ఉయ్యాల ఇటు లాగు పిల్లా. బొమ్మలా నిలబడతావేం, లాగు!